అప్పాజీ తిమ్మరుసు

ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతముల విద్యార్థులలో ఉదయగిరి దుర్గము నెరుగనివారుండరు. ఆ కొండ మూడువేల యడుగులకు పైగా ఎత్తుగలది. 1513లో శ్రీకృష్ణదేవరాయలు దానిని ముట్టడించి, సుమారు ఏడాదిన్నర పోరాడి, 1514లో గజపతి సేనలనుండి గైకొనెను. పైకెక్కుటకు ఒక ఇరుకుదారి మాత్రమే యుండగా, రాళ్లు పగులగొట్టించి రాయలు వెడల్పుబాట వేయించెనని నూనిజ్ అను పోర్చుగీసు వర్తకుడు వ్రాసియున్నాడు. ఆ రాయల మహామంత్రి సాళువ తిమ్మరుసు. భిన్నస్వభావులగు ప్రభువులను కొలుచుట యెట్లో ఆయనవలె నెరిగినవారు మన చరిత్రలో అరుదు.

రాయలకు ముందు ఆయన యన్నయగు వీరనరసింహరాయలు ప్రభువు. 1509 ప్రాంతమున అతడు మరణశయ్యపై నుండి, ఎనిమిదేండ్ల తన కుమారునికి రాజ్యము దక్కవలెనని, తమ్ముని కన్నులు పెరికించి తెమ్మని తిమ్మరుసు నాజ్ఞాపించెనని నూనిజ్ చెప్పును. కాదన్నచో ఆ పని వేరొకనికి అప్పగింపబడును. ఔనన్నచో ఘోరము జరుగును. తిమ్మరుసు మారుమాటాడక వెడలి, కృష్ణరాయలను గుఱ్ఱపుసాలకు పిలిపించి సంగతి తెలిపెను. తనకు రాజ్యము వలదనియు, యోగివలె బ్రతికెదననియు ఆ యువకుడు పలికెనట. అప్పుడు మంత్రి యొక మేకకన్నులు తీయించి, కొనయూపిరితో నున్న రాజునకు చూపెను. ఈ కథను చరిత్రకారు లందరును నమ్మరు. కాని ప్రాణభయముచేతను పుత్రవ్యామోహముచేతను కలతచెందిన ప్రభువుతో వాదించుట వ్యర్థమని అది చక్కగా తెలుపుచున్నది.

సింహాసనమెక్కిన కృష్ణరాయలు వేరు స్వభావమువాడు, యుద్ధోత్సాహి, అభిమానధనుడు. అట్టివానికి బోధింపవలెనన్న చనువు కావలెను. తిమ్మరుసునకు అది కలదు. రాయలు ఆయనను అప్పాజీయని పిలుచుచు తండ్రివలె మన్నించెను. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పాయిస్ అను పోర్చుగీసువాడును, రాజును పెంచి రాజుగా చేసినది ఈ వృద్ధుడేయని వ్రాసెను. 1515లో కొండవీడు లొంగిన పిమ్మట దాని పాలన మంత్రికే దక్కెను.

శత్రురాజుల మనస్సును సైతము ఆయన చదువగలిగెను. రాయవాచకమను గ్రంథము ఇట్లు చెప్పును. గజపతికి పదునారుగురు పాత్రులు బలము. వారు తమ రాజును పట్టియిచ్చుటకు ముందే యొప్పుకొన్నట్లు తిమ్మరుసు జాబులు వ్రాయించి, ధనముతో పంపి, అవి గజపతి చేత పడునట్లు చేసెను. సంశయస్వభావుడగు గజపతి తనవారినే శంకించి పారిపోయెను. ఇది కల్పనయే కావచ్చును. ఆ గ్రంథము చాలకాలము తరువాతిది.

సంశయము విజయనగరమునకును వచ్చెను. 1524లో రాయలు తన పసికుమారుడు తిరుమలరాయనికి పట్టముగట్టెను. కొలదికాలమునకే బాలుడు మరణించెను. తిమ్మరుసు కుమారుడు విషమిడెనను మాట రాయల చెవిని బడెను. పుత్రశోకములో ఆయన దానిని నమ్మెను. నూనిజ్ చెప్పినదాని ప్రకారము, రాయలు మంత్రిని పిలిపించి, మేకకన్నుల సంగతినే యెత్తిచూపెను. అన్న యాజ్ఞను పాటింపక అతనిని మోసగించితివి గనుక నీవును నీ కుమారులును ద్రోహులని నిందించెను. ఏ యుక్తివలన తన కన్నులు దక్కెనో ఆ యుక్తియే నేరమయ్యెను! పెంచిన చేతులకు శోకార్తుడగు ప్రభువునొద్ద ఏ యుపాయమును తోచలేదు కాబోలు. తిమ్మరుసు బదులేమి చెప్పెనో నూనిజ్ వ్రాయలేదు.

మూడేండ్లు చెరలో నుంచిన పిమ్మట ఆయన కన్నులు తీయించిరి. మరల చెరకే పంపిరి.