ఆగడం నేర్చుకున్న పరుగుల వీరుడు

మెట్లెక్కాలంటే తడబడేవాడు ఆ పిల్లవాడు. నడుస్తూ నడుస్తూనే పడిపోయేవాడు. బిడ్డలో ఏదైనా లోపముందేమోనని తల్లి భయపడింది. వైద్యులకు చూపించారు, మెదడుకు పరీక్ష కూడా చేయించారు. లోపమేమీ లేదని తేలింది. కానీ వాడి తడబాటు మాత్రం పోలేదు. ఆ పిల్లవాడే పెరిగి పెద్దవాడై, కారు రేసుల ప్రపంచంలో అందరికన్నా పై మెట్టు ఎక్కాడు. అతని పేరు అయిర్టన్ సెన్నా. ఈ వారం అతని జీవితాన్ని ధ్యానిద్దాం. అతను గెలిచిన పందేలే కాదు, గెలవాలన్న ఆరాటమే అతణ్ణి పడవేసిన సందర్భాలు కూడా మనకు పాఠాలే.

సెన్నా 1960 మార్చి 21న బ్రెజిల్ దేశంలోని సావో పాలో నగరంలో పుట్టాడు. కాథలిక్ కుటుంబం. తండ్రి మిల్టన్ డా సిల్వాకు కార్ల విడిభాగాలు తయారుచేసే కార్ఖానా, పొలాలు ఉండేవి. తల్లి నెయిదె. అక్క వివియన్, తమ్ముడు లియొనార్దో. కొడుక్కి నాలుగేళ్లు వచ్చినప్పుడు తండ్రి గడ్డి కోసే యంత్రం ఇంజను బిగించి ఒక చిన్న కార్ట్ తయారుచేసి ఇచ్చాడు. అంతే! నేల మీద తడబడిన కాళ్లు పెడళ్ల మీద తడబడలేదు. ఏడేళ్లకే పొలంలో జీపు నడిపాడు. ఒక పనిలో వెనకబడిన బిడ్డను చూసి 'వీడింతే' అని మనం ఎంత తొందరగా తేల్చేస్తాం! ఆ బిడ్డలో దేవుడు దాచిపెట్టిన వరం ఏమిటో చూసే ఓపిక ఆ తండ్రికి ఉంది. మనకుందా?

ఈ రేసుల గురించి తెలియని వారికోసం ఒక మాట. ఫార్ములా వన్ అనే పెద్ద పోటీకి ఎవరూ ఒక్కసారిగా చేరలేరు. అది ఒక నిచ్చెన. చిన్నప్పుడు కార్ట్‌లతో మొదలుపెట్టాలి. ఆ తర్వాత ఒక్కరే కూర్చునే, పైకప్పు లేని, నాలుగు చక్రాలూ బయటికి కనిపించే చిన్న రేసు కారు ఎక్కాలి. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఫార్ములా ఫోర్డ్ 1600, ఆ పైన ఫార్ములా ఫోర్డ్ 2000, ఆ పైన ఫార్ములా త్రీ ఉండేవి. ఫార్ములా అంటే అందరూ లోబడి నడవాల్సిన నియమావళి. కింది మెట్లలో కార్ల మధ్య తేడా తక్కువ. కాబట్టి నడిపేవాడి సత్తా ఏమిటో అక్కడే బయటపడుతుంది.

సెన్నా తన మొదటి కార్ట్ పందెంలో 1973లో, పదమూడేళ్ల వయసులో పాల్గొన్నాడు. వానలో జరిగిన తొలి పందెంలో మాత్రం అతను ఘోరంగా దెబ్బతిన్నాడని చెబుతారు. పొడి నేల మీద అందరినీ దాటే కుర్రాడు తడి నేల మీద కారును అదుపు చేయలేకపోయాడు. మరొకరైతే వానను తిట్టుకుని ఊరుకునేవారు. ఈ కుర్రాడు మాత్రం అప్పటినుండి సావో పాలోలో వాన పడినప్పుడల్లా అందరూ ఇళ్లలోకి పరుగెత్తుతుంటే కార్ట్ తీసుకుని ట్రాక్ మీదికి వెళ్లేవాడు. జారడం, పడడం, మళ్లీ లేవడం... ఇదే సాధన. తర్వాతి రోజుల్లో వానలో అతనికి సాటి లేరని లోకమంతా ఒప్పుకుంది. మనం జారిపడిన చోటికి మళ్లీ వెళ్లడానికి సిగ్గుపడతాం. మోకరించి సరిచేసుకోవలసింది మాత్రం అక్కడే!

1977లో దక్షిణ అమెరికా కార్ట్ విజేత అయ్యాడు. కానీ ప్రపంచ కార్ట్ పోటీలు అతనికి చిక్కలేదు. 1979లో పాయింట్లు సమానమైనా కిరీటం మరొకరికి దక్కింది. 1980లో మళ్లీ రెండో స్థానమే. ఆ తర్వాత కూడా ప్రయత్నించాడు గానీ ఆ కిరీటం ఎన్నడూ అందలేదు. ఈ 'రెండో స్థానం' అతని గుండెలో ముల్లులా గుచ్చుకుంది. అతణ్ణి పైకి తీసుకెళ్లిందీ, కింద పడేసిందీ ఆ ముల్లే.

1981లో కొత్తగా పెళ్లయిన భార్యతో ఇంగ్లండు చేరాడు. అలవాటు లేని చలి, సరిగా రాని భాష, తెలియని మనుషులు. నార్ఫోక్ ప్రాంతంలో కాపురం. రాల్ఫ్ ఫర్మిన్ నడిపే వాన్ డీమన్ జట్టులో ఫార్ములా ఫోర్డ్ 1600 కారు ఎక్కాడు. మొదటి పందెంలో ఐదో స్థానం. మరి కొద్ది రోజులకే బ్రాండ్స్ హ్యాచ్ ట్రాక్ మీద వానలో మొదటి గెలుపు! సావో పాలో వాన నేర్పిన పాఠం ఇంగ్లండు వానలో ఫలించింది. ఆ ఏడాది రెండు చాంపియన్‌షిప్‌లు గెలిచాడు.

అయినా ఆ ఏడాది చివర అందరినీ ఆశ్చర్యపరుస్తూ రేసులు మానేసి ఇంటికి వెళ్లిపోయాడు. పై మెట్టుకు కావలసిన డబ్బు పెట్టేవారు దొరకలేదు. కొడుకు తన వ్యాపారం చూసుకోవాలని తండ్రి కోరిక. అతను ఎదురు చెప్పకుండా వెళ్లి పనిలో కూర్చున్నాడు. కానీ మనసు అక్కడ నిలవలేదు. కొడుకు ముఖంలో కళ తప్పడం ఇంట్లో వారందరూ చూశారు. చివరికి తండ్రే దిగివచ్చి, వెళ్లిరమ్మని పంపాడు. తండ్రికి లోబడిన కొడుకు, కొడుకు మనసెరిగిన తండ్రి... తలిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞ, పిల్లలకు కోపం రేపవద్దన్న హెచ్చరిక ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయంలో పక్కపక్కనే ఉన్నాయి. ఆ రెండూ ఒకే ఇంట్లో నెరవేరితే ఎంత మేలో చూశారా?

1982లో ఫార్ములా ఫోర్డ్ 2000లో బ్రిటిష్, యూరప్ చాంపియన్‌షిప్‌లు రెండూ గెలిచాడు. బ్రెజిల్‌లో డా సిల్వా అనే ఇంటిపేరు వీధి వీధినా ఉంటుంది కాబట్టి తల్లి పుట్టింటి పేరైన సెన్నాను తన పేరుగా చేసుకున్నాడు. కానీ ఆ పరుగులో వివాహం నిలబడలేదు. అదే ఏడాది భార్యాభర్తలు విడిపోయారు. ఎదుగుదలకు వెల ఉంటుంది. ఆ వెల కొన్నిసార్లు ఇంట్లోవారే చెల్లించాల్సి వస్తుంది. ఇది మాత్రం మనం దాటవేయకూడని సంగతి.

ఇక 1983. బ్రిటిష్ ఫార్ములా త్రీ. డిక్ బెనెట్స్ నడిపే వెస్ట్ సర్రే రేసింగ్ జట్టు. మొత్తం 20 పందేలు. మొదటి తొమ్మిదీ వరసగా సెన్నానే గెలిచాడు! ఇంకేముంది, చాంపియన్‌షిప్ చేతికి వచ్చేసినట్టేనని అందరూ అనుకున్నారు. కానీ ఎడ్డీ జోర్డన్ జట్టులో మార్టిన్ బ్రండిల్ అనే ఆంగ్లేయుడు ఉన్నాడు. తొమ్మిది పందేల్లో ఓడినా ఓపిక వదలని మనిషి. జూన్‌లో సిల్వర్‌స్టోన్ దగ్గర బ్రండిల్ ముందుకు పోయాడు. వెనకబడ్డ సెన్నా తట్టుకోలేక కారును అదుపు తప్పించుకున్నాడు. తర్వాత క్యాడ్‌వెల్ పార్క్. అర్హత పరుగులో అప్పటికే అందరికన్నా మంచి సమయం అతనిదే. అది చాలలేదు. ఇంకా వేగంగా పోవాలని వెళ్లి కారును ధ్వంసం చేసుకున్నాడు. ఆ పందెంలో పాల్గొనడానికే వీలులేకపోయింది. ఆ తర్వాత స్నెటర్టన్‌లో బ్రండిల్‌తో ఢీ. ఆగస్టులో ఔల్టన్ పార్క్‌లో దాటబోయి, అతని కారు బ్రండిల్ కారు మీదికే ఎక్కింది. రెండో స్థానంతో సరిపెట్టుకుని ఉంటే ఆ రోజుల్లో ఎన్నో పాయింట్లు దక్కేవి. కానీ రెండో స్థానం అన్న మాటే అతనికి మింగుడుపడదు.

తొమ్మిది గెలుపుల ఆధిక్యం కరిగిపోయింది. చివరి పందెం నాటికి బ్రండిల్ ఒక్క పాయింటు ముందున్నాడు!

1983 అక్టోబరులో థ్రక్స్‌టన్‌లో ఆఖరి పందెం. ఇంజను నూనె త్వరగా వేడెక్కితే తొలి చుట్లలో కారుకు బలం ఎక్కువ. అందుకని నూనెను చల్లబరిచే రేడియేటర్‌కు టేపు అంటించారు. కొన్ని చుట్లు అయ్యాక ఆ టేపు తీయకపోతే ఇంజను కాలిపోతుంది. అంత వేగంలోనే సెన్నా బెల్టు సడలించుకుని, చేయి చాచి టేపును పీకేశాడు. మొదటినుండి చివరిదాకా ముందే ఉండి గెలిచాడు. సెన్నాకు 132 పాయింట్లు, బ్రండిల్‌కు 123. నవంబరులో మకావు నగర వీధుల్లో జరిగిన ఫార్ములా త్రీ పందెం కూడా గెలిచాడు. అలా నిచ్చెన చివరి మెట్టు చేరాడు. 1984లో టోల్‌మన్ అనే చిన్న జట్టుతో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టాడు. ఆ ఏడాది మొనాకోలో కుండపోత వానలో 13వ స్థానంనుండి బయలుదేరి రెండో స్థానానికి చేరాడు.

ఆ తర్వాతి కథ లోకానికి తెలిసిందే. 1988, 1990, 1991 సంవత్సరాల్లో మూడుసార్లు ప్రపంచ విజేత. 161 పందేల్లో 41 గెలుపులు. కానీ ఆ పాత ముల్లు అలాగే ఉంది. 1988లో మొనాకోలో అందరికన్నా ఎంతో ముందున్నాడు. నిదానంగా వచ్చినా గెలుపు అతనిదే. ఇంకా 12 చుట్లు ఉండగా ఒక్క క్షణం ఏమరుపాటు... కారు గోడకు గుద్దుకుంది. అతను ఎవరితో మాట్లాడకుండా దగ్గర్లో ఉన్న తన ఇంటికి నడిచి వెళ్లిపోయాడు. ఆ పతనం తనను దేవునికి దగ్గర చేసిందని సెన్నా తర్వాత చెప్పుకున్నాడు. బైబిలు చదవడం అతని దినచర్యలో భాగమైంది. ఏ గెలుపూ చేయలేని పని ఒక ఓటమి చేసింది.

అయితే విశ్వాసి అయినంత మాత్రాన పాత స్వభావం ఒక్క రోజులో చావదు. ఇది మన అనుభవం కూడా కాదా? 1990లో జపాన్‌లోని సుజుకాలో మొదటి మలుపులోనే తన కారును అలెన్ ప్రోస్ట్ కారు మీదికి పోనిచ్చాడు. ఇద్దరూ పందెం వదిలారు, ప్రపంచ కిరీటం సెన్నాకు దక్కింది. అది కావాలని చేసిందేనని ఏడాది తర్వాత తానే ఒప్పుకున్నాడు. నియమం తప్పి పోరాడినవాడికి కిరీటం లేదని పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక రెండో అధ్యాయంలో ఉంది. ఆ కిరీటం రికార్డుల్లో ఉన్నా, మచ్చ కూడా దాని పక్కనే ఉంది. మన అభిమాన వీరుడైనా సరే, తప్పును తప్పని చెప్పుకోవాలి. దావీదు పాపాన్ని బైబిలు దాచలేదు కదా!

ఇప్పుడు 1992 ఆగస్టుకు వద్దాం. బెల్జియంలోని స్పా ట్రాక్. ప్రాక్టీసు జరుగుతోంది. ఎరిక్ కోమాస్ అనే ఫ్రెంచి డ్రైవరు కారు గుద్దుకుని ట్రాక్ మధ్యలో ఆగిపోయింది. అతను స్పృహలో లేడు. ఇంజను మాత్రం తిరుగుతూనే ఉంది. నిప్పంటుకునే ప్రమాదం. వెనక వస్తున్న సెన్నా తన కారు ఆపాడు. దిగాడు. మిగతా కార్లు దూసుకొస్తున్న దారిలోనే పరుగెత్తి వెళ్లి ఇంజను ఆపేశాడు. వైద్యులు వచ్చేదాకా కోమాస్ తల కదలకుండా పట్టుకున్నాడు. కోమాస్ బ్రతికాడు.

ఎవరికోసమూ ఆగని మనిషి ఆగాడు! యెరికో దారిలో యాజకుడు ఆగలేదు, లేవీయుడు ఆగలేదు, సమరయుడు మాత్రమే ఆగాడు. సెన్నా రికార్డుల పట్టికలో ఆ రోజు పనికి ఒక్క పాయింటు కూడా లేదు. కానీ మా మట్టుకు మాకు అతని జీవితంలో అదే అన్నిటికన్నా గొప్ప పందెం.

1994లో ఇటలీలోని ఇమోలాలో శనివారంనాడు ఆస్ట్రియాకు చెందిన రోలండ్ రాట్జెన్‌బర్గర్ ప్రమాదంలో మరణించాడు. పెద్దగా పేరు లేని డ్రైవరు అతను. మరునాడు, మే 1న, సెన్నా ఆస్ట్రియా జెండా ఒకటి మడిచి తన కారులో పెట్టుకున్నాడు. గెలిస్తే తన దేశపు జెండాకు బదులు ఆ జెండా ఊపి చనిపోయినవాడిని గౌరవించాలని అతని ఉద్దేశమని చెబుతారు. ఆ ఉదయం అతను బైబిలు తెరిచి చదివాడని, దేవుడు ఇచ్చే వరాలన్నిటిలో గొప్ప వరం దేవుడేనన్న భావం అందులో కనుగొన్నాడని అక్క వివియన్ తర్వాత చెప్పింది. ఆ మధ్యాహ్నం టాంబురెల్లో మలుపులో అతని కారు గోడకు గుద్దుకుంది. 34 ఏళ్ల వయసులో పరుగు ముగిసింది. సావో పాలోలోని మొరుంబి శ్మశానంలో అతని సమాధి ఉంది. దేవుని ప్రేమనుండి తనను ఏదీ వేరుచేయలేదన్న భావం దాని మీద చెక్కి ఉంది. అది రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయపు ముగింపు. కిరీటాల లెక్క దాని మీద లేదు.

పేద పిల్లలకు ఏదైనా చేయాలని చనిపోవడానికి కొద్ది నెలల ముందే అతను అక్కతో మాట్లాడాడు. ఆమె ఆ ఏడాదే అయిర్టన్ సెన్నా సంస్థను స్థాపించి బ్రెజిల్ పిల్లల చదువు కోసం పనిచేయసాగింది.

ప్రియులారా, మన ఇళ్లలోనూ నిచ్చెనలున్నాయి. ర్యాంకులు, ఉద్యోగాలు, వీసాలు, పదోన్నతులు... రెండో ర్యాంకు వచ్చిన బిడ్డ తల వంచుకుని ఇంటికి వచ్చే రోజులివి. ఆ బిడ్డ ముందు మన ముఖం ఎలా ఉంటుంది? అందరూ పరుగెత్తినా బహుమానం ఒక్కడికేనని కొరింథీయులకు రాసిన పౌలే, ఆ కిరీటం వాడిపోయేదని, మనది వాడబారనిదని కూడా రాశాడు. ఆ వాడబారని కిరీటం కోసం పరుగెత్తే దారిలో రెండో స్థానమంటూ లేదు. పక్కవాడిని ఢీకొట్టి గెలవాల్సిన అవసరమూ లేదు. పరుగెత్తుదాం, శ్రద్ధగా, నియమం తప్పకుండా. దారిలో ఎవరైనా పడి ఉంటే మాత్రం ఆగుదాం. అక్కడ ఆగినందుకు మన ప్రభువు పాయింట్లు తగ్గించడు.