వంతెన కట్టిన భక్తుడు – పెట్రస్ ఉస్కాన్

మన విచారణల నుండి యాత్రికులు రైలెక్కి మద్రాసు వెళ్ళడం కొత్తేమీ కాదు. చోడవరం నుండి వెళ్ళినా, అనకాపల్లి నుండి వెళ్ళినా, అక్కడ దిగిన కథోలిక కుటుంబం పరిశుద్ధ తోమాసువారి కొండ ఎక్కకుండా తిరిగిరాదు. అపొస్తలుడైన తోమాసుగారు వేదసాక్షిగా ప్రాణమిచ్చారని మన పెద్దలు చెప్పే స్థలమది. మీరు కూడా ఆ మెట్లమీద ఆగి ఆగి, జపమాల చెప్పుకుంటూ ఎక్కి ఉంటారు. మరి ఆ మెట్లు ఎవరు కట్టించారో ఎప్పుడైనా ఆలోచించారా?

ఆయన పేరు కోజా పెట్రస్ ఉస్కాన్. పెట్రస్ అంటే మన పేతురే. కోజా అనేది పెద్ద వర్తకులకు ఇచ్చే గౌరవనామం. ఆయన ఆర్మేనియా జాతివారు. క్రీస్తు శకం 4వ శతాబ్దం తొలినాళ్ళలోనే రాజుతో సహా క్రీస్తును అంగీకరించిన జాతి అది. 17వ శతాబ్దారంభంలో పర్షియా చక్రవర్తి షా అబ్బాసు ఆ ప్రజలను వేలాదిగా వారి ఊళ్ళ నుండి తరలించి, ఇస్ఫహాన్ పట్టణం ప్రక్కన జుల్ఫా అనే కొత్త పేటలో ఉంచాడు. సొంత ఊరు పోయినా వారు విశ్వాసాన్ని పోగొట్టుకోలేదు. వెళ్ళిన ప్రతిచోటా ముందు గుడి కట్టుకున్నారు. వ్యాపారం కోసం మన బందరుకు, గోలకొండ రాజ్యానికి కూడా వచ్చారు. హైదరాబాదులోని ఉప్పుగూడలో వారి పాత సమాధులు నేటికీ ఉన్నాయి.

ఉస్కాన్‌గారు ఆ జుల్ఫా వర్తక కుటుంబంలో పుట్టారు. ఫిలిప్పీన్స్ దేశంలోని మనీలాతో ఓడ వ్యాపారం చేసి బాగా గడించారు. 1720ల తొలినాళ్ళలో మద్రాసు చేరి అక్కడే స్థిరపడ్డారు. ఆయన రోము సభతో ఐక్యతలో ఉన్న కథోలికులు.

ఆ రోజుల్లో కోట నుండి తోమాసువారి కొండకు వెళ్ళాలంటే దారిలో అడయారు నది దాటాలి. వంతెన లేదు. శారదా నదికి వరద వస్తే అవతలి ఒడ్డున చిక్కుకుపోయేవారి అవస్థ మన ప్రాంతంవారికి వేరే చెప్పనక్కరలేదు. ముసలివారు, రోగులు, చంటిబిడ్డల తల్లులు ఆ కొండకు ఎలా చేరతారని ఆయన మనసు నొచ్చుకుంది. 1726లో సైదాపేట వద్ద అడయారు మీద రాతివంతెన కట్టించారు. దానికి ఖర్చయిన 30,000 వరహాలూ ఆయన సొంత ధనమే. అంతటితో చేతులు దులుపుకోలేదు. వంతెన మరమ్మతులకని మరో 1,500 వరహాలు కేటాయించారు. కొండపైకి 100కు పైబడిన రాతిమెట్లు కట్టించారు. వేపేరిలో అద్భుతాల మాత పేరిట ఒక చిన్న గుడి కూడా కట్టించారు.

ఇక ఆయనకు శోధన కాలం వచ్చింది. 1746లో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకున్నారు. ఉస్కాన్‌గారి ఆస్తి జప్తు అయింది. తమ పక్షానికి వస్తే సొత్తు తిరిగి దక్కుతుందని ఆశ చూపారు. ఫ్రెంచివారు ఆయన మతంవారే. ఆంగ్లేయులు కారు. అయినా ఇన్నాళ్ళూ ఎవరి నీడన బ్రతికానో, కష్టకాలంలో వారిని విడవడం ధర్మం కాదని ఆయన తలచారు. ఆస్తి పోయినా మాట నిలుపుకున్నారు.

దానికి దొరికిన ప్రతిఫలం చూడండి. 1749లో మద్రాసు తిరిగి ఆంగ్లేయుల వశమైంది. కథోలికులు శత్రువుకు సాయపడ్డారన్న అనుమానంతో వారిని కోటలో ఉండనివ్వరాదన్నారు, గుళ్ళు తీసుకున్నారు. ఉస్కాన్‌గారి విశ్వాసపాత్రతను గుర్తించి, ఆయన్ను మాత్రం ఉండనిచ్చారు. కాని ఆయన ప్రేమతో కట్టిన వేపేరి గుడి మిగలలేదు. ఆయన చనిపోయిన మరుసటి సంవత్సరం, 1752లో, దానిని ప్రొటెస్టంటు మిషనరీలకు అప్పగించారు.

ఆయన 1751 జనవరి 15న కన్నుమూశారు. దేహాన్ని వేపేరిలో తాను కట్టిన గుడివద్దే సమాధి చేశారు. ఆయన కోరిక ప్రకారం గుండెను మాత్రం పుట్టినూరు జుల్ఫాకు పంపించారు. ఆ సమాధి నేడు పరిశుద్ధ మత్తీయ పేరిట ఉన్న ప్రొటెస్టంటు దేవాలయ ఆవరణలో ఉంది. ఒకప్పటి కలహం చల్లారింది. ఆ సమాధిని ఇప్పుడు ఆ సోదరులే కాపాడుతున్నారు. ఇదీ దేవుని చిత్తమే కాబోలు!

పాత వంతెన కూడా ఇప్పుడు లేదు. 1966లో దాని స్థానంలో కొత్తది వచ్చింది. దానికి మరైమలై అడిగళ్ పేరు పెట్టారు. ఉస్కాన్‌గారి పాత శిలాఫలకం మాత్రం ఆ ప్రక్కనే నిలిచి ఉంది. రోజూ వేలమంది దాన్ని దాటిపోతారు, ఆగి చదివేవారు అరుదు.

ప్రియ పాఠకులారా, మనకు 30,000 వరహాలు లేకపోవచ్చు. కాని మన విచారణలో గుడిదాకా నడవలేని ఒక ముసలమ్మ ఉంటుంది. ఆదివారం ఆమె చేయిపట్టి పూజకు తీసుకురాగలిగితే, అదీ ఒక వంతెనే. ఈసారి మద్రాసు వెళ్ళి ఆ కొండ ఎక్కేటప్పుడు, ఆయాసం తీర్చుకోవడానికి ఆగిన మెట్టుమీద ఉస్కాన్‌గారి ఆత్మశాంతికై ఒక పరలోక జపం చెప్పండి. పిల్లలకు ఆయన పేరు చెప్పండి.