పొడుం డబ్బీ మూత మీద మొహం

శ్రీశైలం వెళ్ళినప్పుడు దర్శనం క్యూలో నిలబడేముందు ఒకసారి ప్రాకారం గోడ చుట్టూ నడవండి. ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్ళు, పురాణ కథలు వరసలు వరసలుగా కనిపిస్తాయి. ఒక్కోటీ చిన్న బొమ్మే. చెక్కిందెవరో మాత్రం మనకి తెలీదు. ఆళ్ళగడ్డలో రోడ్డు పక్కన ఉలి చప్పుడు వింటూ పెరిగినవాళ్ళం కాబట్టి మాకు ఈ వెలితి ఇంకాస్త ఎక్కువ తెలుస్తుంది. అరచేతిలో పట్టే బొమ్మలతో మొదలుపెట్టి యూరప్ అంతటా పేరు తెచ్చుకున్న ఒకామె ఉందని చదివినప్పుడు ఆశ్చర్యమేసింది అందుకే.

ఆమె రొసాల్బా కరియేరా. ఊరు వెనిస్, పుట్టింది 1673లో. నాన్న గుమాస్తా, అమ్మ లేసు అల్లేది. ముగ్గురూ ఆడపిల్లలే. అప్పట్లో అక్కడ ముక్కుపొడుం పెద్ద ఫ్యాషన్. పొడుం డబ్బీ అంటే మనకి తాతయ్య రొంటిన దోపుకున్న రేకు డబ్బీ గుర్తొస్తుంది గానీ, వాళ్ళకది నగతో సమానం. దాని మూత మీద అందమైన మొహం ఒకటి ఉండాలి. రొసాల్బా ఆ మొహాలు వేస్తూ సంపాదన మొదలుపెట్టింది.

అంతవరకూ ఇలాంటి చిన్న చిత్రాలు ఎక్కువగా దూడతోలుతో చేసిన పల్చటి పత్రం మీద వేసేవాళ్ళు. ఈమె ఏనుగు దంతం పలక ఎంచుకుంది. ఇంజనీరింగ్ వాళ్ళం కదా, కాస్త మెటీరియల్ సంగతి చూద్దాం. దంతం రంగుని పీల్చుకోదు. నీటిరంగు దాని మీద జారిపోతుంది, తడికుంచె రెండోసారి తగిలితే కింద వేసింది కాస్తా లేచొస్తుంది. అందుకని చిన్న చిన్న చుక్కలు, సన్నటి గీతలు పేర్చుకుంటూ పోవాలి. ఎంత ఓపిక కావాలో! కానీ రంగు పల్చగా ఉన్నచోట దంతం తెలుపు లోపల్నుంచి మెరుస్తుంది. బుగ్గల నిగారింపు అలా వచ్చేది. ఈమె చూపిన దారిలోనే తర్వాతివాళ్ళంతా దంతానికి మారారు.

1705లో రోమ్‌లోని సెయింట్ ల్యూక్ అకాడమీ ఆమెని సభ్యురాలిగా తీసుకుంది. గోడంత చిత్రాలు వేసే మగవాళ్ళ సభ అది. ఈమె పంపింది పావురం పట్టుకున్న అమ్మాయి బొమ్మ, దంతం మీద వేసిందే.

తర్వాత పాస్టెల్‌కి మారింది, అంటే పొడి రంగు కడ్డీలన్నమాట. ఆరేదాకా ఆగక్కర్లేదు, ఎదురుగా కూర్చున్నవాళ్ళ సహనం చచ్చేలోపు పని అయిపోతుంది. 1720లో పారిస్ వెళ్తే, పదేళ్ళ రాజు పదిహేనో లూయీ ఆమె ముందు కూర్చున్నాడు. అదే ఏడు ఫ్రెంచ్ రాయల్ అకాడమీ కూడా చేర్చుకుంది. చావుకి దగ్గరపడిన వాతో అనే గొప్ప చిత్రకారుడి మొహం కూడా అక్కడే, 1721లో వేసింది. 1730లో వియన్నా. డ్రెస్డెన్‌లో సాక్సనీ పాలకుడు వందకి పైగా ఆమె చిత్రాలు పోగేశాడు.

నాకు వీటన్నిటికంటే నచ్చింది ఉఫీజీ మ్యూజియంలో ఉన్న స్వీయచిత్రం. అందులో ఆమె చేతిలో ఇంకో చిత్రం ఉంటుంది, చెల్లెలు జొవాన్నాది. రొసాల్బా పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లోనూ, పనిలోనూ, ప్రయాణాల్లోనూ తోడు ఆ చెల్లెలే. 1730ల చివర్లో జొవాన్నా పోయింది. రొసాల్బా చాలా కుంగిపోయింది, కొన్నాళ్ళు రంగులే ముట్టుకోలేదు.

అప్పటికే చూపు మందగిస్తోంది. శుక్లాలు. మత్తుమందు లేని రోజుల్లో ఆపరేషన్లు చేయించుకుంది. కాస్త చూపు వచ్చినట్టే వచ్చి మళ్ళీ పోయింది. చుక్క పక్కన చుక్క పెట్టిన ఆ కళ్ళకి చివరి ఏళ్ళలో ఏమీ కనిపించలేదు. 1757 ఏప్రిల్ 15న, 84 ఏళ్ళ వయసులో, వెనిస్‌లోనే పోయింది.

చూపు ఉండగా తనని తాను శీతాకాలంగా వేసుకుంది. అది డ్రెస్డెన్‌లో ఉంది. నెరిసిన జుట్టు, ఒంటి మీద బొచ్చుకోటు. రాణుల బుగ్గలకి అంత మెరుపు దిద్దిన మనిషి, తన మొహంలో ముడత ఒక్కటీ దాచుకోలేదు.