ఆగింది తెలివి కాదు, డబ్బు



మైపాడు, కోడూరు తీరాన రొయ్యల గుంటల్లో కూలికి పోతూ, నాట్లు వేస్తూ మీరు పిల్లల్ని ఇంటర్ దాకా చదివించారు. ఇక డిగ్రీ, ఆపైన కాకుటూరు విక్రమ సింహపురి యూనివర్సిటీ అంటే ఫీజు, హాస్టలు, బస్సు ఖర్చు లెక్కేసుకుని, మన రాత ఇంతేలే అని ఆగిపోతున్నారా? అయితే ఒక్కసారి బాబాసాహెబ్ జీవితం చూడండి.

ఆయన తండ్రి రామ్‌జీ పింఛను మీద బతికే మాజీ సుబేదారు. కొడుకు పుస్తకం అడిగాడంటే, చేతిలో డబ్బు లేని రోజున పెళ్లయిన కూతుళ్ల దగ్గరికి పోయి, డబ్బో నగో అడిగి తెచ్చి కొనిచ్చేవాడు. 1907లో భీమరావు మెట్రిక్ ప్యాసైతే కేలూస్కర్ గారు తాను రాసిన బుద్ధుని చరిత్రను బహుమతిగా ఇచ్చారు. ఇంటర్ తర్వాత డబ్బు లేక చదువు ఆగబోతే, బరోడా మహారాజు శాయాజీరావు సాయం అందేలా చూసిందీ ఆయనే. నెలకు 25 రూపాయల ఉపకారవేతనం వచ్చింది. 1912లో బి.ఏ. పూర్తయింది. 1913లో మహారాజు సాయంతోనే అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీకి, 1916లో లండన్‌కు వెళ్లారు.

1917లో ఉపకారవేతనం గడువు తీరిపోయింది. లండన్ చదువు సగంలోనే ఆగింది. ఆయన తెలివి తగ్గిందా? లేదు, డబ్బు ఆగిందంతే. తిరిగొచ్చి బరోడాలో ఉద్యోగంలో చేరితే, అంత చదివినవాడికీ కులం వల్ల ఉండటానికి గది దొరకలేదు.

అయినా వదల్లేదు. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి జీతం కూడబెట్టారు. కొల్హాపూర్ శాహూ మహారాజ్ సాయం, స్నేహితుడు నవల్ భథేనా ఇచ్చిన అప్పు కలుపుకొని 1920లో మళ్లీ లండన్ చేరారు. అక్కడ ఆయన అర్ధాకలితో చదివారు, ఇక్కడ రమాబాయి తల్లి పేదరికంలో ఇల్లు ఈదింది. 1923లో డి.ఎస్సీ. పట్టా వచ్చింది.

ఆ తర్వాత ఏం చేశారో చూడండి. వైస్రాయ్ మండలిలో సభ్యుడిగా ఉన్నప్పుడు పట్టుబట్టి ఎస్సీ విద్యార్థులకు పై చదువుల స్కాలర్‌షిప్పులు సాధించారు. 1944లో మొదలైన ఆ పథకమే ఇవాళ మీ పిల్లల దాకా వచ్చింది. 1946లో బొంబాయిలో కాలేజీ పెట్టి, దానికి బుద్ధుని పేరే పెట్టారు, సిద్ధార్థ అని. 1953లో మన ఉస్మానియా యూనివర్సిటీ ఆయన్ని గౌరవ డాక్టరేటుతో సత్కరించింది. 1956లో మనకు ధమ్మం ఇచ్చారు.

ఆ ధమ్మం చెప్పేదొక్కటే: పేదరికం పూర్వజన్మ పాపం కాదు. మనుషులు కట్టిన గోడ అది, మనుషులే తీసేయాలి. స్కాలర్‌షిప్పు బిచ్చం కాదు, మీ హక్కు. గడువు దాటకముందే దరఖాస్తు పెట్టించండి, ఆడపిల్ల చేత కూడా. డబ్బు రావడం ఆలస్యమైతే ఆ బిడ్డ ఫీజుకు విహారంలో తలా ఇంత వేయండి. దానపారమితకు అంతకంటే మంచి చోటేది?

నమో బుద్ధాయ. జై భీమ్.