లియో ఫెండర్

లియో ఫెండర్ (1909 ఆగష్టు 10 - 1991 మార్చి 21) విద్యుత్ గిటార్లను, గిటార్ యాంప్లిఫైయర్లను రూపొందించిన ప్రసిద్ధ అమెరికా దేశీయుడు. పూర్తిపేరు క్లారెన్స్ లియొనిడాస్ ఫెండర్. టెలికాస్టర్, స్ట్రాటోకాస్టర్ గిటార్ల వలన ప్రపంచఖ్యాతి పొందిన ఇతడు మొదట రేడియో మరమ్మతుదారుడు. సులువుగా బాగుచేయడానికి వీలుండడం ఇతడి యాంప్లిఫైయర్ల ముఖ్య లక్షణం.

బాల్యం, విద్య

ఫెండర్ కాలిఫోర్నియా రాష్ట్రంలో అనహైమ్, ఫుల్లెర్టన్ పట్టణాల సమీపాన నారింజ తోటలు పెంచే కుటుంబంలో జన్మించాడు. ఎనిమిదవ ఏట కణితి కారణంగా ఎడమ కన్ను కోల్పోయాడు. చిన్ననాటి నుండి రేడియోలపై ఆసక్తి ఉన్నా, కళాశాలలో అకౌంటింగు చదివి పద్దులు వ్రాసే ఉద్యోగంలో చేరాడు. ఆర్థిక మాంద్యం కాలంలో ఆ ఉపాధి పోయింది.

మరమ్మతు దుకాణం

1938లో 600 డాలర్లు అప్పు తెచ్చి ఫుల్లెర్టన్‌లో ఫెండర్ రేడియో సర్వీస్ ప్రారంభించాడు. రేడియోలతో పాటు మైకుసెట్లు, గిటార్ యాంప్లిఫైయర్లు కూడా అక్కడికి మరమ్మతుకు వచ్చేవి. 1945లో డాక్ కాఫ్‌మన్‌తో కలసి కె అండ్ ఎఫ్ పేరుతో గిటార్లు, యాంప్లిఫైయర్ల తయారీ చేపట్టాడు. 1946లో భాగస్వామి తప్పుకోగా, సొంత కంపెనీ స్థాపించాడు.

యాంప్లిఫైయర్ల నిర్మాణం

1950లలో వెలువడిన ఫెండర్ వాల్వు యాంప్లిఫైయర్లలో రెసిస్టర్లు, కెపాసిటర్లు ఒక ఫైబర్ పలకపై వరుసగా అమర్చబడి ఉంటాయి. వాటి తీగలను లోహపు కన్నాలలో ఉంచి టంకము పెట్టేవారు. అందువలన చెడిన భాగాన్ని గుర్తించి, టంకము కరిగించి, దానిని మాత్రమే మార్చవచ్చు. వాల్వులు సాకెట్లలో ఉండడం వలన చేతితోనే తీసి పెట్టవచ్చు. ఏ సాకెట్టులో ఏ వాల్వు ఉండాలో తెలిపే పట్టికను పెట్టె లోపల అంటించేవారు. అయితే స్విచ్చి ఆపిన తరువాత కూడా కెపాసిటర్లలో ప్రాణాపాయం కలిగించే వోల్టేజి నిలిచి ఉండవచ్చు. కావున ఈ మరమ్మతు తెలిసినవారే చేయాలి.

ఫెండర్ బాస్‌మన్ నమూనా ఆధారంగానే 1960ల ఆరంభంలో ఇంగ్లండులో జిమ్ మార్షల్ దుకాణంలో తొలి మార్షల్ యాంప్లిఫైయర్ తయారయింది.

కంపెనీ విక్రయం, తరువాతి మార్పులు

అనారోగ్యం కారణంగా ఫెండర్ 1965లో తన కంపెనీని సిబిఎస్ సంస్థకు 1 కోటి 30 లక్షల డాలర్లకు విక్రయించాడు. ఆ సంస్థ 1966లో విడుదల చేసిన ట్రాన్సిస్టర్ యాంప్లిఫైయర్లు ఆదరణ పొందలేదు.

కాలక్రమేణా ఈ పరిశ్రమలో ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డులు వ్యాపించి ధరలు తగ్గాయి, కానీ మరమ్మతు కష్టమయింది. వాల్వు సాకెట్లను బోర్డుపైనే బిగించిన నమూనాలలో వేడికి టంకపు అతుకులు సడలుతాయి. ఒక భాగం మార్చడానికి బోర్డు మొత్తం ఊడదీయవలసి వస్తుంది. డిజిటల్ యాంప్లిఫైయర్లలో చిప్పులు అతిసూక్ష్మంగా ఉన్నందున తరచు బోర్డునే మారుస్తారు. ఆ బోర్డు తయారీ నిలిచిపోతే యంత్రం నిరుపయోగమవుతుంది. 1950ల నాటి ఫెండర్ యాంప్లిఫైయర్లు మాత్రం నేటికీ మరమ్మతు చేయబడుతూ వాడుకలో ఉన్నాయి.

చివరి దశ

ఫెండర్ తరువాత మ్యూజిక్ మ్యాన్ సంస్థలో పనిచేశాడు. 1980లో జార్జ్ ఫుల్లెర్టన్‌తో కలసి జి అండ్ ఎల్ కంపెనీని నెలకొల్పాడు. పార్కిన్సన్ వ్యాధితో బాధపడుతూ 1991లో మరణించాడు. 1992లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఇతడికి స్థానం లభించింది. ఇన్ని వాద్యాలను రూపొందించినా ఇతడికి గిటార్ వాయించడం రాదు.