లియో ఫెండరు

అమెరికా సంయుక్తరాష్ట్రములలోని కాలిఫోర్నియాయందు ఫులర్టన్ అను పట్టణము కలదు. లాస్ ఏంజిలిస్ మహానగరమునకు ఆగ్నేయముగా సుమారు ఇరువదియైదు మైళ్ల దూరమున నున్న ఈ యూరు ఇరువదవ శతాబ్దారంభమున నారింజతోటల నడుమ నొక రైలుస్టేషను, కొన్ని అంగళ్లు, పండ్లు కట్టు గోదాములు మాత్రమే. నెల్లూరు సీమలోని కావలివలెనే అదియును రైలుమార్గముపై నున్న ఊరే. కావలికివలెనే దానికిని సముద్రము కొలదిదూరముననే యున్నది. 1909వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన ఆ తోటలలో, తాత్కాలికనివాసముగా నేర్పరచుకొనిన యొక కొట్టములో, క్లారెన్స్ లియోనిడాస్ ఫెండరు జన్మించెను. లోకము ఆయనను లియో ఫెండరని పిలిచినది.

తలిదండ్రులు నారింజలు, కాయగూరలు పండించి జీవించెడివారు. లియోకు ఎనిమిదేండ్ల వయస్సున ఎడమకంటిలో కంతి పుట్టినది. వైద్యులు ఆ కన్ను తీసివేసి గాజుకన్ను నమర్చిరి. నాటినుండి ఒంటికంటితోనే ఆ బాలుడు చదివెను, పనిచేసెను. సన్నని తీగలను అతికించు పనికి రెండుకన్నులును చాలవని పనివారు చెప్పుకొనుచుందురు. ఫెండరు ఒక్కకంటితో ఆ పనిని జీవితాంతము చేసెను.

ఆయన మేనమామ జాన్ వెస్ట్ శాంటా మారియా అను ఊరిలో మోటారుకార్ల విద్యుత్పరికరములను బాగుచేయు దుకాణమును నడుపుచుండెను. లియోకు పదునాలుగేండ్లు వచ్చువేళకు అతడు పాతరేడియో భాగములను ఒక పెట్టెలో నింపి, ఒక బ్యాటరీతో సహా మేనల్లునకు పంపెను. మరుసటి యేడు బాలుడు ఆ దుకాణమునకు పోయినపుడు, మామ స్వయముగా కూర్చిన రేడియో అంగడిముందు మ్రోగుచుండెను. దాని లౌడుస్పీకరునుండి వీథి యంతయు వినవచ్చునట్లు వెలువడిన ఆ నాదము తన మనస్సున చెరగని ముద్ర వేసినదని ఆయన పెద్దవాడైన పిమ్మట చెప్పుకొనెను.

అయినను ఆయన కళాశాలలో చదివినది విద్యుచ్ఛాస్త్రము కాదు, లెక్కలు వ్రాయు విద్య. రేడియోవిద్యను తానే పుస్తకములు చూచి, యంత్రములను విప్పి నేర్చుకొనెను. 1934లో ఎస్తర్‌ను వివాహమాడి, గుమాస్తాగా కొన్నియేండ్లు గడపెను. అది అమెరికాలో తీవ్రమైన ఆర్థికమాంద్యము నెలకొన్న కాలము. ఆయన ఉద్యోగము పోయెను. 1938లో ఆరువందల డాలర్లు అప్పు తెచ్చి, ఫులర్టన్‌లో రేడియోలు బాగుచేయు చిన్న దుకాణమును తెరచెను. ఆ అప్పే ఆయన జీవితమును మలుపు త్రిప్పినది.

దుకాణమునకు రేడియోలతోపాటు సంగీతకారులును రాసాగిరి. ఆ దినములలో నృత్యశాలలలో బాకాలు, డోళ్లు మ్రోగుచుండగా గిటారుధ్వని వినబడెడిది కాదు. మైకుసెట్టు లేనినాటి తిరునాళ్లలో హరికథకుని గొంతు వెనుకవరుసలవారికి అందక పోయినట్లే ఇదియును. తీగల కదలికను విద్యుత్తుగా మార్చి, వాల్వులున్న యాంప్లిఫయరుతో దానిని బలపరచి, లౌడుస్పీకరు ద్వారా మరల ధ్వనిగా వెలువరించుటయే దీనికి విరుగుడు. ఫెండరు డాక్ కాఫ్‌మన్ అను వాద్యకారునితో కలిసి 1945 ప్రాంతమున విద్యుద్గిటారులు, యాంప్లిఫయరులు చేయ నారంభించెను. ఋణభారమునకు వెరచి కాఫ్‌మన్ 1946లో తప్పుకొనెను. ఫెండరు వెరవక తన పేరనే కంపెనీ స్థాపించెను. వింత యేమనగా, ఆయనకు గిటారు వాయించుట రాదు. వాయించువారిని కర్మాగారమునకు రప్పించి, వారు చెప్పిన లోపములను శ్రద్ధతో విని సవరించుకొనెడివాడు. టెలికాస్టరు, 1951నాటి ప్రెసిషన్ బాస్, 1954నాటి స్ట్రాటోకాస్టరు అట్లు రూపొందినవే.

గిటారులవలన ఆయనకు కీర్తి ఎక్కువగా వచ్చినది. కాని ఆయన బుద్ధి యాంప్లిఫయరులయందే మరింత సూక్ష్మముగా పనిచేసినదని చెప్పవచ్చును. అందును స్పీకరును ఎంచుకొనుట చాల చిక్కైన విషయము. స్పీకరునందు ఒక కాగితపు శంకువు, దాని మొదట సన్నని తీగచుట్ట, ఆ చుట్ట చుట్టును బలమైన అయస్కాంతము ఉండును. చుట్టలో విద్యుత్తు ప్రవహించినపుడు అది ముందువెనుకలకు కదలి శంకువును కదల్చును. శంకువు గాలిని కదల్చును. ఇట్టి స్పీకరును 1915లో లోకమునకు చూపిన ఇద్దరిలో నొకడు డెన్మార్కునుండి కాలిఫోర్నియాకు వచ్చిన పీటర్ జెన్సెన్. అతడు తరువాత స్థాపించిన కంపెనీ స్పీకరులనే ఫెండరు తన తొలి యాంప్లిఫయరులలో నమర్చెను.

1952లో బాస్ గిటారుకొరకు ఆయన బాస్‌మన్ అను యాంప్లిఫయరును చేసెను. అందు యంత్రమును, పదునైదు అంగుళముల స్పీకరును ఒకే పెట్టెలో నుండెను. లోతైన స్వరములను బిగ్గరగా పలికించునపుడు భారమంతయు ఒక్క శంకువుపైననే పడెడిది. కొన్నియేండ్లలోనే ఆయన పెద్ద స్పీకరును తీసివేసి, పదియంగుళముల జెన్సెన్ స్పీకరులు నాలుగింటి నమర్చెను. భారము నలుగురు మోసినట్లైనది. కాని దీనితో మరొక లెక్క సరిచూడవలసి వచ్చినది. ఒక్కొక్క స్పీకరు నిరోధము 8 ఓములు. నాలుగింటిని సమాంతరముగా కలిపినచో మొత్తము 2 ఓములు మాత్రమే. యాంప్లిఫయరులోని ట్రాన్స్‌ఫార్మరు ఆ 2 ఓములకు తగినట్లుగా ఉండవలెను. ఈ లెక్క తప్పినచో ధ్వని చెడును, వాల్వులును చెడును. అసలు స్పీకరే తగిలింపక వాల్వు యాంప్లిఫయరును వాయించినచో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవు ప్రమాదము కలదు. బాస్ గిటారుకొరకు చేసిన ఈ పెట్టెను తరువాత మామూలు గిటారు వాయించువారే ఎక్కువగా మోజుపడి కొనిరి.

1962లో లండనులో జిమ్ మార్షల్ అను దుకాణదారుడు, అతని సహాయకులు ఈ బాస్‌మన్ విద్యున్మార్గమునే ఇంచుమించుగా అనుసరించి ఒక యాంప్లిఫయరును చేసిరి. అయితే వారు యంత్రమును వేరుపెట్టెలో నుంచి, నాలుగు పండ్రెండంగుళముల సెలెస్షన్ స్పీకరులను వెనుకభాగము మూసిన పెట్టెలో బిగించిరి. ఫెండరు పెట్టె వెనుకవైపు తెరచియుండెడిది. యంత్రము దాదాపు ఒక్కటే. కంఠము మాత్రము వేరైనది. ఫెండరు పెట్టె స్ఫుటముగా, మెరుపుగా పలుకగా, మార్షల్ పెట్టె గంభీరముగా గర్జించినది. స్పీకరు, పెట్టె ధ్వనిని ఎంతగా మార్చునో దీనికంటె మంచి నిదర్శనము దొరకదు.

ఫెండరునకు కఠినపరీక్ష 1960-61 లలో ఎదురైనది. డిక్ డేల్ అను యువకుడు బాల్బోవా సముద్రతీరమున రాండెవూ అను నృత్యశాలలో వేలకొలది జనమునెదుట గిటారు వాయించుచుండెను. ఎడమచేతి వాటము గల అతని వాయింపునకు స్పీకరులు ఒకటి తరువాత ఒకటి చినుగుచు, కాలుచుండెను. ఫెండరు తన సహచరుడు ఫ్రెడ్డీ టావరెస్‌తో స్వయముగా ఆ నృత్యశాలకు పోయి జనసమూహము నడుమ నిలిచి వినెను. నాలుగుగోడల నడుమ బల్లపై బిగ్గరగా తోచిన ధ్వని అన్నివేల దేహముల మధ్య ఇంకిపోవుచున్నదని అప్పుడాయన గ్రహించెను. సుమారు 85 వాట్ల శక్తి గల క్రొత్త యంత్రమును చేసి, జె.బి.ఎల్. కంపెనీవారి పదునైదంగుళముల దృఢమైన స్పీకరు నెన్నుకొనెను. ఆ స్పీకరును గిటారునకు తగినట్లు మార్చినపుడు దాని సంఖ్య చివర ఫెండరు పేరిలోని మొదటి యక్షరమును చేర్చిరి. షోమన్ అను ఆ యాంప్లిఫయరులో యంత్రము ఒక పెట్టె, స్పీకరు మరియొక పెట్టె. బరువు పంచుకొనుటకును, స్పీకరు అదురు వాల్వులకు తగులకుండుటకును ఈ విభజన మేలైనది. 1961లో బాస్‌మన్ కూడ ఇట్లే రెండు పెట్టెలైనది.

కాలము గడచిన కొలది విచిత్రము జరిగినది. ఆనాటి బాస్‌మన్ యంత్రభాగములు స్పీకరుపెట్టెలు పోయి ఒంటరిగా మిగిలినవి. వానిని కొనినవారు కొందరు వడ్రంగిచేత క్రొత్తపెట్టె చేయించి, యంత్రమును, స్పీకరులను మరల ఒకచోట చేర్చుచున్నారు. అనగా ఫెండరు విడదీసినదానిని తిరిగి కలుపుచున్నారు. వారు ఎదుర్కొను చిక్కులు ఆయన ఎదుర్కొన్నవే. యంత్రము 4 ఓములు కోరునదైనచో 8 ఓముల స్పీకరులు రెండు సమాంతరముగా కలుపవలెను. యంత్రము 50 వాట్లదైనచో ఒక్కొక్క స్పీకరునకు 25 వాట్లు వచ్చును. వాల్వు యంత్రము గట్టిగా వాయించినపుడు వ్రాసిన లెక్కను మీరును గనుక అంతకంటె గణనీయముగా ఎక్కువ తట్టుకొనునవే కావలెను. వాట్లు ఎక్కువ తట్టుకొనుటకును బిగ్గరగా పలుకుటకును సంబంధము లేదు. ఒక స్పీకరు అదే శక్తికి మరొకదానికంటె 3 డెసిబెల్లులు ఎక్కువ పలికినచో, యాంప్లిఫయరు శక్తిని రెట్టింపు చేసినంత ఫలము. పైనుండి వ్రేలాడు ట్రాన్స్‌ఫార్మరులకు స్పీకరు వెనుకనున్న అయస్కాంతము తగులకుండ చోటు చూచుకొనవలెను. పెద్ద అయస్కాంతములు గల స్పీకరులు రెండు చేర్చినచో పెట్టెను ఎత్తుటకు ఇద్దరు మనుష్యులు కావలెను. ఈ చివరిమాట కొనునపుడు ఎవరికిని తోచదు.

1955 ప్రాంతమున ఫెండరునకు సూక్ష్మజీవులవలన కలిగిన యొక వ్యాధి సోకి, ఏండ్లు గడచినను తగ్గలేదు. తాను ఎక్కువకాలము బ్రదుకనని తలచి, 1965 జనవరిలో తన కంపెనీని సి.బి.ఎస్. సంస్థకు కోటి ముప్పదిలక్షల డాలర్లకు విక్రయించెను. ఆరువందల డాలర్ల అప్పుతో మొదలైన దుకాణము ఇరువదియేడేండ్లలో చేరుకొనిన వెల యది. కాని అమ్మకము ముగిసిన కొన్నియేండ్లకు వేరొక వైద్యుని చికిత్సతో వ్యాధి నయమైపోయెను! ఆరోగ్యము తిరిగివచ్చినది, కంపెనీ మాత్రము పరులదైనది. తన పేరును తన వస్తువులపై వేసికొను హక్కు కూడ ఆయనకు లేకపోయెను. కొంతకాలము పోటీవ్యాపారము చేయరాదను ఒప్పందమును ఉండెను.

ఆయన దుఃఖించుచు కూర్చుండలేదు. గడువు తీరినపిదప మ్యూజిక్ మన్ అను సంస్థలో పనిచేసి, తరువాత పాత సహచరుడైన జార్జి ఫులర్టన్‌తో కలిసి జి అండ్ ఎల్ అను కంపెనీని స్థాపించెను. ఆ పేరులోని రెండవ యక్షరము లియో. 1979లో భార్య ఎస్తర్ మరణించగా, మరుసటి యేడు ఫిలిస్‌ను వివాహమాడెను. వార్ధక్యమున పార్కిన్‌సన్ వ్యాధి చేతులను వణకించినను, ప్రతిదినము కర్మాగారమునకు పోవుట మానలేదు.

ఆయన చూడని దేశములలోను ఆ విద్య వ్యాపించెను. 1969లో పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ అనుబాలుడు విద్యుత్తుతో పలుకు మాండలిన్‌పై కర్ణాటకసంగీతపు గమకములను పలికించి పెద్దలను ఆశ్చర్యపరచెను. చిన్నతీగల నాదము క్షణములో అణగిపోకుండ నిలుపుట విద్యుత్తువలననే సాధ్యమైనది.

1991 మార్చి 21న లియో ఫెండరు ఫులర్టన్‌లో మరణించెను. ఫులర్టన్‌లోని జి అండ్ ఎల్ కర్మాగారమున ఆయన పనిచేసిన గదిని, బల్లను, పనిముట్లను ఆయన విడిచిపోయినట్లే చాలకాలము భద్రపరచి యుంచిరి.