నారాయణ గురు: గల్ఫ్ డబ్బు రాకముందే కేరళను సిద్ధం చేసిన సన్యాసి.. ఎవరాయన? ఏం చేశారు?

1973 అక్టోబర్.. అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం మొదలైంది. కొన్ని నెలల్లోనే బ్యారెల్ ముడిచమురు ధర సుమారు 3 డాలర్ల నుంచి 12 డాలర్ల దాకా ఎగబాకింది. గల్ఫ్ దేశాల చేతికి లెక్కలేనంత డబ్బు వచ్చింది. రోడ్లు, పోర్టులు, ఆస్పత్రులు.. అన్నీ ఒకేసారి కట్టాలి. పనిచేసే మనుషులు మాత్రం అక్కడ సరిపడా లేరు. ఆ పనుల కోసం మన దేశం నుంచి పెద్ద సంఖ్యలో బయల్దేరిన వాళ్లు మలయాళీలు.

అప్పటికి కేరళ పేద రాష్ట్రమే. పెద్ద ఫ్యాక్టరీలు తక్కువ, నిరుద్యోగం ఎక్కువ. తలసరి ఆదాయం దేశ సగటు కంటే కింద ఉండేది. కానీ ఒక్క విషయంలో మాత్రం అందరికంటే ముందుంది. అదే చదువు. 1951 జనాభా లెక్కల్లో దేశం మొత్తంలో అక్షరాస్యత 18 శాతమే ఉంటే, ఇప్పటి కేరళ ప్రాంతంలో 47 శాతం. ఈ తేడా ఒక్క రోజులో వచ్చింది కాదు. దాని వెనకున్న వాళ్లలో ముఖ్యమైన పేరు నారాయణ గురు.

ఎవరీ నారాయణ గురు?

1856లో తిరువనంతపురం దగ్గర చెంపళంతి అనే ఊళ్లో పుట్టారు. చిన్నప్పుడు అందరూ నాణు అని పిలిచేవాళ్లు. తండ్రి మాడన్ ఆశాన్ పిల్లలకు చదువు చెప్పేవారు. తల్లి కుట్టియమ్మ. వాళ్లది ఈళవ కులం. మన దగ్గర గౌడ, ఈడిగ కులాల్లాగే కల్లు గీతతో ముడిపడిన కులం అది. గుడిలోకి రానివ్వరు, గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవనివ్వరు, సర్కారు బడుల్లో, ఉద్యోగాల్లో చోటు దొరకదు.

చదువుకున్నా పరిస్థితి మారేది కాదు. అదే కులానికి చెందిన పల్పు డాక్టర్ కోర్సు పాసైనా తిరువాంకూర్ సంస్థానం ఉద్యోగం ఇవ్వలేదు. చివరికి ఆయన మైసూర్ వెళ్లి పనిచేయాల్సి వచ్చింది. 1896లో ఆయన 13 వేల మందికి పైగా సంతకాలతో మహారాజుకు అర్జీ పెట్టినా పెద్దగా ఫలితం దక్కలేదు.

నది నుంచి తెచ్చిన రాయితో మొదలు..

నాణు సంస్కృతం నేర్చుకుని కొన్నాళ్లు టీచర్‌గా పనిచేశారు. తర్వాత ఇల్లు వదిలి ఊళ్లు తిరిగారు. మరుత్వామల కొండ గుహలో తపస్సు చేశారు. 1888 శివరాత్రి నాడు నెయ్యార్ నది ఒడ్డున అరువిప్పురంలో ఆయన చేసిన పని సంచలనం సృష్టించింది. నదిలోంచి తెచ్చిన రాయిని శివుడిగా ప్రతిష్ఠించారు. ఆ హక్కు బ్రాహ్మణులకే ఉందనుకునే రోజులవి. ఎవరిచ్చారు ఆ అధికారం అని అడిగితే, తాను ప్రతిష్ఠించింది ఈళవ శివుణ్ని అని తేల్చేశారట.

అయితే గురు గుళ్లతో ఆగలేదు. గుడి దగ్గరే బడి, లైబ్రరీ ఉండాలన్నారు. 1903లో ఆయన అధ్యక్షుడిగా ఎస్ఎన్‌డీపీ యోగం ఏర్పడింది. డాక్టర్ పల్పు వెనకుండి నడిపించారు, కవి కుమారన్ ఆశాన్ కార్యదర్శి అయ్యారు. 1905లో కొల్లంలో జరిగిన వార్షిక సభలో పారిశ్రామిక ప్రదర్శన కూడా పెట్టారు. కులసంఘం మీటింగ్‌లో పరిశ్రమల గురించి మాట్లాడటం ఆ రోజుల్లో చాలా కొత్త.

ఖర్చు తగ్గించు.. పిల్లల్ని చదివించు

అప్పట్లో ఆడపిల్లలకు అసలు పెళ్లికి ముందే ఒక తాళి తంతు, రజస్వల తంతు, గర్భిణికి ఇంకో తంతు ఉండేవి. వీటికే కుటుంబాలు అప్పులపాలయ్యేవి. గురు వాటిని మానేయమన్నారు. పెళ్లి సింపుల్‌గా చేసుకోమన్నారు. ఇంకా పెద్ద మాట.. కల్లు తీయొద్దు, అమ్మొద్దు, తాగొద్దు అని చెప్పారు. అంటే సొంత కులం బతుకుతెరువునే వదిలేసి వేరే పనులు నేర్చుకోమన్నట్టు!

1924లో వైకోమ్ గుడి చుట్టూ రోడ్ల మీద అందర్నీ నడవనివ్వాలని సత్యాగ్రహం జరిగింది. గురు దానికి అండగా నిలిచారు. మరుసటి ఏడాది గాంధీజీ శివగిరికి వచ్చి ఆయన్ని కలిశారు. 1922లోనే రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి వెళ్లారు.

1928లో శిష్యులు శివగిరి తీర్థయాత్రకు అనుమతి అడిగారు. గురు యాత్రకు ఎనిమిది లక్ష్యాలు పెట్టారు. చదువు, శుభ్రత, భక్తి, సంఘటిత శక్తి, వ్యవసాయం, వ్యాపారం, చేతివృత్తులు, సాంకేతిక శిక్షణ. ఎనిమిదిలో భక్తి ఒక్కటే, మిగతావన్నీ బతకడానికి కావాల్సినవే. అదే ఏడాది సెప్టెంబర్ 20న శివగిరిలో కన్నుమూశారు. 1936లో తిరువాంకూర్ సర్కారు గుళ్ల తలుపులు అన్ని కులాల హిందువులకు తెరిచింది. దాన్ని ఆయన చూడలేకపోయారు.

చమురు డబ్బుతో లింకేంటి?

ఈ మార్పు గురు ఒక్కరి వల్లే రాలేదు. దళిత పిల్లల బడి కోసం అయ్యంకాళి పోరాడారు. ముస్లింలలో ఆధునిక చదువు కోసం వక్కం మౌలవి పనిచేశారు. మిషనరీలు స్కూళ్లు పెట్టారు, తర్వాత ప్రభుత్వాలు కొనసాగించాయి. ఫలితంగా చమురు బూమ్ వచ్చేసరికి కేరళలో మేస్త్రీలతో పాటు నర్సులు, టైపిస్టులు, టెక్నీషియన్లు, గుమస్తాలు కూడా రెడీగా ఉన్నారు. 1998 సర్వే ప్రకారం 13 లక్షల మందికి పైగా మలయాళీలు విదేశాల్లో ఉంటే, వాళ్లలో 90 శాతానికి పైగా గల్ఫ్‌లోనే. వాళ్లు పంపిన డబ్బుతో ఇళ్లు లేచాయి, షాపులు, ప్రైవేట్ స్కూళ్లు, ఆస్పత్రులు వచ్చాయి. 1999లో మొదలైన కొచ్చి ఎయిర్‌పోర్టులోనూ ప్రవాసుల పెట్టుబడి ఉంది.

అలాగని అంతా బాగుందని కాదు. డబ్బులో చాలా భాగం ఇళ్లకు, బంగారానికి పోయింది, ఫ్యాక్టరీలు పెద్దగా రాలేదు. టికెట్‌కు, వీసాకు డబ్బుల్లేని దళితులు, ఆదివాసీలు, మత్స్యకారులు ఈ బూమ్‌లో చాలావరకు వెనకే ఉండిపోయారు. గురు మాట్లాడింది అలాంటి వాళ్ల గురించే.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి కూడా వేల కుటుంబాలు గల్ఫ్ డబ్బు మీదే ఆధారపడ్డాయి. ఏజెంట్ చేతిలో పెట్టిన కాగితంలో ఏముందో చదవగలిగిన వాళ్లకు, వేలిముద్ర వేసి విమానం ఎక్కిన వాళ్లకు ఎంత తేడా ఉంటుందో ఆ ఇళ్లకు బాగా తెలుసు. చమురు ధర పెరగడం, తగ్గడం మన చేతుల్లో లేదు. ఊళ్లో బడి ఉండటం, పిల్లల చేతిలో పని ఉండటం మాత్రం మన చేతుల్లోనే ఉంది. గల్ఫ్ డబ్బు ఇంకా రాని రోజుల్లోనే నారాయణ గురు పట్టుకున్న పని అదే.